తెలుపుకీ నీలానికీ మధ్య

అరోరా
ఆగస్టు 24

చెల్లెమ్మ కనకదుర్గగారికి కోటయ్య రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాసి మొదలుపెట్టమని మా బడిలో నేర్పారు. రాశాననుకోండి.

ఫోన్లో మీ మాట నాకు సగమే వినపడుతోంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి పెట్టిన మిషన్ ఫోన్ దగ్గరికి తెస్తే కీచుమంటుంది. స్పీకర్ పెడితే ఇక్కడ మావాడు ఉదయ్ వింటాడు, అక్కడ మీ అమ్మాయి మీనా వింటుంది. అందుకని కాగితం. ఎనిమిదో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

మా వాడి సంగతి రాద్దామని. మీనా, రిషిత మీ బాతెల్ వచ్చేసి రెండేళ్ళు దాటింది. లాబ్‌లో ఉద్యోగం వచ్చిందని మీనా వెళ్ళింది. అప్పటికి వీడి ఉద్యోగం పోయి ఉంది. వెనకే వస్తానన్నాడు. కారెక్కుతూ మీనా అన్న మాట మీకూ తెలుసు. "నువ్వు మొదలుపెట్టినవాటిల్లో ఒక్కటి పూర్తి చెయ్యి ఉదయ్. ఏదైనా సరే. అప్పుడు రా." వీడు, "జుజిట్సులో బ్లూ బెల్ట్ రాగానే వస్తా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకునే అన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఇప్పుడు వీడికి ఇంట్లో కూర్చుని చేసే పని దొరికింది. ఆ పని ఎక్కడినుంచైనా చెయ్యొచ్చునట. అయినా కదలడు. బెల్టు రాలేదు కదా అంటాడు.

సాయంత్రాలు నన్ను ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక తనతో జుజిట్సు క్లాసుకి తీసుకెళ్తాడు. గోడ పక్కన బెంచీ మీద కూర్చుంటాను. మన కుస్తీలాంటిదే, కాకపోతే కిందపడ్డాక అసలు ఆట మొదలవుతుంది. మెడో మోచెయ్యో బిగిస్తారు. ఓర్చుకోలేకపోతే చేత్తో తట్టాలి. తట్టగానే వదిలేస్తారు. నాకు అందులో నచ్చింది అదొక్కటే.

పెద్దవాళ్ళకి తెల్ల బెల్టు, దాని తర్వాత నీలం. మధ్యలో ఏమీ లేదు. తెలుపు కట్టుకుని ఏళ్ళ తరబడి దొర్లుతారు. చాలామంది నీలం చూడకుండానే మానేస్తారు. అందుకని మొన్న కోచ్ అందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి చెప్పాడు. పెద్దవాళ్ళకి కూడా మధ్యలో బూడిద, పసుపు, నారింజ బెల్టులు పెడుతున్నాడట. పిల్లలకి అవి ముందునుంచీ ఉన్నాయి. మా వీధి అవినాష్ నాకు తెలుగులో చెప్పాడు. "రోజంతా ఆఫీసులో తిట్లు తినేవాళ్ళు అంకుల్. ఇంటికెళ్ళి చూపించుకోడానికి ఏదో ఒకటుండాలి కదా." తనూ ఒకప్పుడు చేరాడు. నడుము పట్టేసి మానేశాడు, ఇప్పుడు చూడ్డానికి వస్తాడు.

జుట్టు నెరిసిన లారీ డ్రైవర్ ఒకాయన లేచి, నేను పదేళ్ళ పిల్లాణ్ణి కాదని వెళ్ళిపోయాడు. ఉదయ్ మాత్రం తలూపాడు. సంతోషంగానే ఊపాడు.

నాకు కొంచెం ఆశగా ఉంది చెల్లెమ్మగారూ. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటే నాలాంటి మోకాళ్ళవాడైనా ఎక్కుతాడు.

రిషిత అన్నం తింటోందా.

మీ అన్నయ్య
కోటయ్య

•

బాతెల్
సెప్టెంబరు 5

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా రిషిత, "అమ్మమ్మా, ఇది ఏ మ్యూజియం నుంచి వచ్చింది" అంది. తాతయ్య దగ్గర్నుంచి అంటే కవరు ఇటూ అటూ తిప్పి చూసి, స్టాంపు బాగుందని తీసుకుపోయింది. అన్నం తినదు. పాస్తా తింటుంది. పద్నాలుగేళ్ళ పిల్లని కొట్టి తినిపిస్తామా.

మీరు మెట్లు దగ్గరయ్యాయన్నారు. నాకు అంత తెలివి లేదు గాని, మా ఊరికీ గుడివాడకీ మధ్య కొత్తగా మూడు స్టాపులు పెట్టినప్పుడు బస్సు ఇంకా ఆలస్యంగానే వచ్చేది. తెలుపుకీ నీలానికీ మధ్య ముగ్గుర్ని కూర్చోబెడితే నీలం దగ్గరికొస్తుందా, దూరంగా జరుగుతుందా? అల్లుడుగారిని అడిగి చెప్పండి. నేను అడిగితే బాగుండదు.

ఈ కొత్త రంగుల సంగతి మీనాకి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో నాకు తెలుసు. ఆ మధ్య నేను బెల్టు మాట ఎత్తితే, "అమ్మా, నాకు ఆఫీస్‌కి లేట్ అవుతోంది" అంది. ఆదివారం, అన్నయ్యగారూ. ఆ రోజు ఆఫీసే లేదు.

మొదట్లో తిట్టేది. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకొచ్చి గిన్నెలు చప్పుడు చేస్తూ తిట్టేది. తిట్టినన్నాళ్ళు నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు తిట్టడం లేదు. శుక్రవారం శుక్రవారం ఉదయ్ ఫోన్ చేస్తే రిషితకిచ్చి బట్టలు మడతపెట్టుకుంటుంది. ఆ పిల్ల, "హాయ్ డాడ్, గుడ్ డాడ్, ఓకే డాడ్" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తుంది.

శనివారం పొద్దున మీనా ఎక్కడికో వెళ్ళొస్తోంది. ఎక్కడికే అంటే పనుందమ్మా అంటుంది. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. అడగాలంటే భయం వేసింది.

మీరు చలికోటు వేసుకోండి. మగవాళ్ళు చెప్తే గాని వేసుకోరు.

కనకదుర్గ

•

అరోరా
అక్టోబరు 11

చెల్లెమ్మగారికి.

ఉదయ్‌కి బెల్టు వచ్చింది.

నీలం కాదు. బూడిదది. కొత్తవాటిల్లో మొదటిది. కోచ్ పిలిచి నడుముకి కట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చాక దేవుడి దగ్గర పెట్టి కుంకుమ బొట్టు పెట్టాను. కారు కొన్నప్పుడు పెట్టాం కదా, అలాగే. "అది ఉతక్కూడదు నాన్నా, మరక పోదు" అని నవ్వాడు. వాడు నవ్వి చాలా రోజులైంది. ఆ రోజు పెరుగు కూడా వేసుకుని తిన్నాడు.

మీరు అడగమన్నది అడిగాను. ఇది వస్తే నీలం దగ్గరైనట్టేనా అన్నాను. "మధ్యలో ఎల్లో ఉంది, ఆరెంజ్ ఉంది నాన్నా. ఒక్కోటీ ఏడాది పట్టొచ్చు. తొందరేముంది" అన్నాడు. తొందరేముంది అన్న మాట నాకు నచ్చలేదు. ఏమీ అనలేదు. వాడితో నేను ఎప్పుడు మాత్రం అన్నాను.

మీ బస్సు మాట నిజమే అనిపిస్తోంది.

కోటయ్య

•

బాతెల్
అక్టోబరు 20

అన్నయ్యగారూ,

కూర్చుని చదవండి. నేను ఒక పని చేశాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు మీనా జ్వరంగా ఉందని ఇంట్లోనే ఉంది. ఏం రాశారు మామయ్యగారు అంది. తనంతట తను అడిగింది. ఏడాది తర్వాత మొదటిసారి. నేను చారు కలుపుతున్నాను. "ఉదయ్‌కి బెల్టు వచ్చిందట" అన్నాను. అంతే అన్నాను.

గరిటె పట్టుకుని వెనక్కి తిరక్కుండా నిలబడ్డాను. తర్వాత "నిజంగా?" అంది. "మామయ్యగారు అబద్ధం రాస్తారా" అన్నాను. ఆ గొంతు మీరు వినాల్సింది. మీ చెవికి కూడా వినపడేది.

మర్నాడు టికెట్లు బుక్ చేసింది. థాంక్స్‌గివింగ్ సెలవులకి ముందు శుక్రవారం తనూ రిషితా వస్తున్నారు. నేను రాను, నా మోకాలు విమానంలో ముడుచుకోదు. "నేను వస్తున్నానని ఉదయ్‌కి నేనే చెప్తా" అంది. చెప్పిందట కూడా. బెల్టు మాట ఎత్తలేదట, ఎదురుగా చూసే మాట్లాడతానంది.

రంగు నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలన్నారు పెద్దలు. మనం ఆడింది అబద్ధం కూడా కాదు, సగం నోరు మూసుకున్నాం. వీళ్ళ పెళ్ళప్పుడు మీ వాడికి కోపం అనేదే తెలియదని మీరన్నారు, మా అమ్మాయికి వంటంతా వచ్చునని నేనన్నాను. ఎవరం చచ్చిపోయాం? ఇద్దరూ ఒక ఇంట్లో నాలుగు రోజులు ఉంటే చాలు. ఎదురుగా కూర్చుని కాఫీ తాగితే బెల్టు రంగు ఎవరిక్కావాలి.

ఇల్లు శుభ్రం చేయించండి. దుప్పట్లు ఉతికించండి. బాత్రూంలో మీరు పెట్టుకునే ఆ జండూబామ్ సీసాలు తీసి లోపల పెట్టండి.

మీ చెల్లెలు
దుర్గ

•

అరోరా
నవంబరు 3

చెల్లెమ్మగారికి.

మీరు చెప్పినట్టే ఉన్నాను. చెప్పలేదు.

కానీ మనసు ఊరుకోవడం లేదు. పెళ్ళి చేసేప్పుడు ఆడే అబద్ధాలు వేరు చెల్లెమ్మా. అప్పుడు వాళ్ళకి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇప్పుడు అంతా తెలుసు.

ఉదయ్ ఇల్లు కడుగుతున్నాడు. రిషిత గదిలో గోడకి రంగు వేశాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. మీనా ఎందుకొస్తోందో చెప్పిందా అని అడిగాను. "మాట్లాడాలంది" అన్నాడు. అటు గోడకి తిరిగే అన్నాడు. వాడికి సంతోషమో భయమో నాకు అంతు చిక్కలేదు. నీ బెల్టు నీలమనుకుని వస్తోందిరా అని నోటిదాకా వచ్చింది. బ్రష్షు అందించాను.

ఇంకో సంగతి. అవినాష్ సన్మానం చేద్దామంటున్నాడు. వాడికి శాలువాల పిచ్చి. కారు డిక్కీలో ఎప్పుడూ రెండు ఉంటాయి. "అరోరా తెలుగువాళ్ళలో జుజిట్సు బెల్టు కొట్టినవాడు ఎవడున్నాడు అంకుల్? మీనా కూడా వస్తోందిగా, దంపతులకి కలిపి చేద్దాం. చిన్న ఫంక్షన్. మన ఇళ్ళవాళ్ళే" అన్నాడు. వద్దనాలనుకున్నాను. వద్దు అంటే ఎందుకు వద్దని అడుగుతాడు. ఊరుకున్నాను. నేను ఊరుకుంటే అందరికీ సరే అన్నట్టు వినపడుతుంది.

జండూబామ్ లోపల పెట్టాను.

కోటయ్య

•

బాతెల్
నవంబరు 11

అన్నయ్యగారూ,

సన్మానం మంచిదే. పదిమందిలో ఉంటే పోట్లాడుకోరు. చేయనివ్వండి.

గోంగూర పచ్చడి మీనా సూట్‌కేస్‌లో పెట్టాను. చెక్-ఇన్‌లో వెయ్యమని చెప్పాను, వచ్చేటప్పుడు ఖాళీ సీసా వెనక్కి పంపండి. నీలంరంగు చీర తీసుకుంది. నేను పెట్టలేదు. తనే తీసుకుంది.

మా ఇంటి దేవుడికి మొక్కుకున్నాను. ఏమని మొక్కానో చెప్తే ఫలించదంటారు.

దుర్గ

•

అరోరా
డిసెంబరు 2

చెల్లెమ్మగారికి.

మీనా అన్నీ చెప్పే ఉంటుంది. అయినా రాయడం నా ధర్మం. ఆలస్యమైంది. పెన్ను పట్టుకుని రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను.

శుక్రవారం రాత్రికి వచ్చారు. ఉదయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చాడు. మీనా నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. చిక్కింది. అందరం కలిసి అన్నం తిన్నాం. మీ పచ్చడి వేసుకున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు గాని పళ్ళేలు కడిగేటప్పుడు ఇద్దరూ సింక్ దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. నేను తొందరగా పడుకున్నాను, వాళ్ళకి చోటివ్వాలని.

శనివారం మధ్యాహ్నం ఫంక్షన్. మన ఇంట్లోనే, హాల్లో. పాతికమంది దాకా వచ్చారు. అవినాష్ కోచ్‌ని కూడా పిలిచాడు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని పూలు పట్టుకుని వచ్చాడు. అవినాష్ నన్ను అడిగి బెల్టు తీసుకుని, పళ్ళెంలో తమలపాకులు పరిచి, దాని మీద పెట్టాడు. పైన గులాబీలు చల్లాడు. బూడిద రంగు కనపడనంతగా చల్లితే బాగుండునని నాకు అనిపించింది.

మీనా ఆ చీరే కట్టుకుని వచ్చింది. పళ్ళెం చూసింది. పూలు పక్కకి తోసి బెల్టు చేత్తో తీసింది. నేను పెట్టిన కుంకుమ మరక మీద వేలు పెట్టింది.

రిషిత, "డాడ్, దిస్ ఈజ్ గ్రే. ఇది కిడ్స్ బెల్ట్ కదా. మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడికి ఉంది. వాడు థర్డ్ గ్రేడ్" అంది. ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. తెలియక అడిగింది.

అప్పటికే అవినాష్ మైకు పట్టుకున్నాడు. పాతికమందికి మైకు. "దంపతులిద్దరూ ముందుకి రావాలి" అన్నాడు. వచ్చారు. ఒకే శాలువా ఇద్దరి భుజాల మీదుగా కప్పాడు. అందరూ ఫొటోలు తీశారు. "ఇంకొంచెం దగ్గరికి జరగండి బ్రదర్, శాలువా చాలట్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళూ జరిగారు.

ఉదయ్ మీనా చెవి దగ్గర ఏదో అడిగాడు. ఎదురు కుర్చీలో ఉన్నాను కాబట్టి పెదాలు చదవగలిగాను. బ్లూ అనుకుని వచ్చావా అని. ఆమె "అలా చెప్పారు" అంది. నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న లడ్డు వైపు చూశాను.

తర్వాత కోచ్ మాట్లాడాడు. చిన్నగానే మాట్లాడాడు. నవ్వుతూ ఉదయ్ భుజం తట్టి మీనాకేసి తిరిగి ఏదో చెప్పాడు. ఇంగ్లీషు, పైగా నా ఎడమ వైపు నిలబడ్డాడు. నాకు ఏమీ అందలేదు. మంచిమాటే అయి ఉంటుంది, అందరూ చప్పట్లు కొట్టారు. మీనా కొట్టలేదు. తన భుజం మీది శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో పెట్టింది. బయటికెళ్ళి కారులో కూర్చుంది. రిషిత వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ పూటే టికెట్ మార్చుకున్నారు. ఉదయ్ దింపుతానంటే వద్దని టాక్సీ పిలుచుకుంది. వెళ్తూ నాతో, "మీ మీద కోపం లేదు మామయ్యగారూ. మందులు వేసుకోండి" అంది. కోపం ఉందని చెప్పినా బాగుండేది.

భోజనాలు అలాగే మిగిలిపోయాయి. అవినాష్ డబ్బాల్లో సర్ది అందరికీ పంచాడు. నేనేమైనా తప్పు చేశానా అంకుల్ అని అడిగాడు. లేదన్నాను.

ఖాళీ సీసా పంపడం మర్చిపోయాను.

కోటయ్య

•

బాతెల్
డిసెంబరు 13

అన్నయ్యగారికి.

సీసా సంగతి వదిలెయ్యండి.

మీనా వచ్చిన రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నా ఎదురుగా కూర్చుని, "నువ్వు చెప్పావా, మామయ్యగారు చెప్పమన్నారా" అంది. నేనే అన్నాను. ఆ మాట మీద నుంచి మీరు తప్పుకోవచ్చు. "నన్ను ఎందుకమ్మా అలా పంపావు" అంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. వెయ్యి అబద్ధాలన్నారు. మనకి ఒక్కటి చాలింది.

కోచ్ ఏమన్నాడో మీకు వినపడలేదన్నారు. మీకు చెప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు. కానీ మీ ఇంట్లో అన్నమాట మీకు తెలియకుండా ఉండకూడదు.

ఆయన మీనాతో అన్నది ఇది. మీ ఆయన చాలా వినయం గలవాడు. పోయిన ఏడాది వేసవిలోనే నేను బ్లూ బెల్ట్ ఇస్తానన్నాను. ఇంకా సిద్ధంగా లేనని తనే వద్దన్నాడు. తర్వాత మళ్ళీ అడిగాను, మళ్ళీ వద్దన్నాడు. ఇలాంటివాళ్ళు భయపడకుండా మెల్లగా ఎక్కాలనే నేను మధ్యలో ఈ బెల్టులు పెట్టాను. ఈయన్ని చూసే నాకు ఆలోచన వచ్చింది.

పొగుడుతూ అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

మీకు ముందే తెలుసా అన్నయ్యగారూ? తెలిసే నాకు మెట్ల కబుర్లు రాశారా? తెలియదని నాకు అనిపిస్తోంది. అయినా అడుగుతున్నాను. ఒకసారి అబద్ధంలో చెయ్యి పెట్టాక అందరి మీదా అనుమానమే.

శనివారాలు మీనా వెళ్ళేది లాయర్ దగ్గరికి. ఆగస్టు నుంచీ వెళ్తోందట. టికెట్లు బుక్ చేసిన రోజు ఆ అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసింది. నిన్న మళ్ళీ తీసుకుంది.

దుర్గ

•

అరోరా
జనవరి 4

చెల్లెమ్మగారికి.

నాకు తెలియదు. రోజూ ఆ బెంచీ మీదే కూర్చున్నాను. తెలియదు.

మీ ఉత్తరం చదివాక చాలా రోజులు వాణ్ణి అడగలేదు. కలిసి అన్నం తిన్నాం, మంచు ఎత్తిపోశాం. మొన్న క్లాసుకి వెళ్ళి పార్కింగ్‌లో కారు ఆపాక అడిగాను. కోచ్ ఇస్తానంటే వద్దన్నావటగా అన్నాను.

ఏదో అన్నాడు. వినపడలేదు. గట్టిగా చెప్పరా అన్నాను. "గట్టిగా చెప్పే మాట కాదు నాన్నా" అని, ఇంజిన్ ఆపేసి, నా కుడి చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"అక్కడికెళ్ళాక మీనాకి నేను అక్కర్లేదని తేలితే? రిషిత నాతో మూడు ముక్కలే మాట్లాడుతుంది. ఒకే ఇంట్లో ఉన్నా ఆ మూడు ముక్కలే అయితే? వెళ్తే తేలిపోతుంది నాన్నా. వెళ్ళకపోతే ఇంకా వెళ్ళొచ్చు అని ఉంటుంది."

ఇప్పుడు వెళ్ళరా, ఈ పూటే వెళ్ళు, బెల్టు లేకపోయినా వెళ్ళు అన్నాను. ఆ మాట రెండేళ్ళ కిందట అనాల్సింది కదా. "ఇప్పుడు డివోర్స్ పేపర్స్ వచ్చాయి" అన్నాడు.

తర్వాత బ్యాగు తీసుకుని లోపలికెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ఎవడో కుర్రవాడు వీడి మెడ బిగించాడు. వీడు చాలాసేపు తట్టలేదు. కోచే వచ్చి విడదీశాడు.

మీనాతో ఒకసారి మాట్లాడి చూడండి అని రాయాలనుంది. ఏ ముఖంతో రాయను. రాయడం లేదు.

కోటయ్య

•

బాతెల్
ఫిబ్రవరి 9

అన్నయ్యగారికి,

మీరు రాయకపోయినా అడిగాను. తల్లిని కదా, సిగ్గు ఎక్కడిది.

ఉదయ్ మీకు చెప్పిన మాట మీనాకి చెప్పాను. విని చాలాసేపు ఏడ్చింది. మనసు మారుతుందేమోనని నేను ఆశపడ్డాను. కళ్ళు తుడుచుకుని, "నాకూ అదే భయం ఉండేదమ్మా. అయినా నేను విమానం ఎక్కాను" అంది. దానికి మీ దగ్గర జవాబు ఉంటే రాయండి.

పోట్లాటలు లేవట. వీడియోలోనే మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒకరికొకరు థాంక్యూ చెప్పుకుంటున్నారు. ఏమిటో ఈ విడిపోవడం, పెళ్ళిచూపులకన్నా మర్యాదగా ఉంది. సంతకాలు అయిపోయాయి. వసంతంలో జడ్జి ముద్ర పడుతుందట. వేసవిలో రిషిత రెండు వారాలు మీ దగ్గరికి వస్తుంది. పాస్తా పెట్టండి.

ఇటువైపు కబుర్లు అటు, అటువి ఇటు మొయ్యొద్దని మీనా నాతో ఒట్టు వేయించుకుంది. ఇక నేను రాయను. మీరు రాస్తే చదువుతాను. చదవొద్దని ఒట్టు వేయించుకోలేదు.

ఉంటాను.

కనకదుర్గ

•

అరోరా
ఏప్రిల్ 19

చెల్లెమ్మగారికి.

మీరు జవాబు రాయరని తెలుసు. ఇది మోసుకెళ్ళాల్సిన కబురు కాదు. మీరు ఒక్కరే చదవండి.

కోర్టు కాగితం మంగళవారం వచ్చింది. ఉదయ్ చదివి, మడిచి, సొరుగులో పెట్టాడు. అన్నం వండాడు. ఉప్పు సరిగానే ఉంది.

గురువారం క్లాసు చివర అందరినీ వరసగా కూర్చోబెట్టి కోచ్ ఉదయ్‌ని పిలిచాడు. పసుపూ లేదు, నారింజా లేదు. బూడిదది విప్పి నీలం కట్టాడు. ఈసారి ఇస్తానంటే వీడు సరేనన్నాడట. పొద్దున్నే ఫోన్ చేసి తనే అడిగాడని అవినాష్ అంటాడు. ఏది నిజమో నేను అడగలేదు.

వాళ్ళకి ఒక ఆచారం ఉంది. నీలం కట్టుకున్నవాణ్ణి, మిగతావాళ్ళు రెండు వరసల్లో నిలబడి, తమ బెల్టులు తీసి వీపు మీద కొడతారు. అదే ఆశీర్వాదం. కొట్టించుకునేవాడు ఆ మధ్యలోంచి నవ్వుతూ పరిగెత్తుతాడు. నేను చాలామందిని చూశాను.

మావాడు నడిచాడు. రథం వెళ్ళినట్టు మెల్లగా నడిచాడు. మొదట్లో బాగానే కొట్టారు. సగానికి వచ్చేసరికి దెబ్బలు తగ్గాయి. చివరివాళ్ళు బెల్టు ఎత్తి, ఊరికే దించేశారు. చివరికెళ్ళాక వెనక్కి తిరిగి మళ్ళీ నడవబోయాడు. కోచ్ వచ్చి పట్టుకున్నాడు.

కారులో అడిగాను. ఇన్నాళ్ళూ వద్దన్నది ఇప్పుడెందుకు తీసుకున్నావురా అన్నాను.

నా చెవి దగ్గరికి వంగాల్సిన పని లేకుండా, గట్టిగానే చెప్పాడు.

"ఇప్పుడు తీసుకుంటే ఏమీ అవదు నాన్నా."

కోటయ్య